పసివారి చెవిలో ఏ కథ చెప్పుదము?

ధ్యానమునకు: మార్కు 4:33, లూకా 10:30–35, హెబ్రీ 5:12–14



కొంతకాలము క్రిందట ఒక గ్రామ సంఘములో ఆదివారపు బడి పిల్లలకు మేము అబ్రాహాము ఇస్సాకుల వృత్తాంతము చెప్పితిమి. చక్కగానే చెప్పితిమని అనుకొంటిమి. కట్టెలు పేర్చుట, కుమారుని బంధించుట, కత్తి పట్టిన చెయ్యి పైకి లేచుట, ఇవన్నియు మా చేతులతో అభినయించి చూపితిమి. పిల్లలు ఊపిరి బిగబట్టి వినిరి. అంతలో ఆరాధనకు గంట కొట్టిరి. దూత పిలుపును, పొదలో చిక్కుకొనిన పొట్టేలును రెండు ముక్కలలో ముగించి పిల్లలను పంపివేసితిమి.

మూడు దినములైన పిమ్మట ఒక తండ్రి మా యొద్దకు వచ్చెను. అవి వరికోతల దినములు. అతడు కొడవలి చేతబట్టుకొని ఇంటికి రాగానే అయిదేండ్ల కుమారుడు తల్లి చాటున దాగుకొనుచున్నాడట. "అయ్యగారూ, మావాడు నన్ను చూసి దడుసుకుంటున్నాడండి. రాత్రి నా పక్కన పడుకోనంటున్నాడు. 'నాన్నా, దేవుడు అడిగితే నువ్వు కూడా నన్ను కోస్తావా?' అన్నాడండి. ఏం చెప్పాలో తెలీలేదండి" అని చెప్పి తల వంచుకొనెను.

మేము మిక్కిలి సిగ్గుపడితిమి. ఏలయనగా అంతకు ముందు ఆదివారమే ప్రసంగపీఠము మీద నిలిచి, అన్నము తినిపించునప్పుడు బిడ్డ చేతికి సెల్‌ఫోను ఇచ్చు తల్లులను గట్టిగా మందలించియుంటిమి. అందులోని కొట్లాటలు, తుపాకీ ఆటలు పిల్లల మనస్సులను పాడుచేయునని చెప్పియుంటిమి. ఆ మాట తప్పు కాదు. అయితే ఆ ఇంటిలో బిడ్డకు నిద్ర లేకుండ చేసినది సెల్‌ఫోను కాదు. మేము చెప్పిన బైబిలు కథ. నాటి నుండి ఈ ప్రశ్న మమ్మును విడువలేదు. దానినే ఈ నెల మీ యెదుట ఉంచుచున్నాము.

తెర మీది హింస పిల్లలకు తగదు అనుచున్నాము. మంచిదే. మరి మన పరిశుద్ధ గ్రంథములో హింస లేదా? కయీను తమ్ముని చంపెను. జలప్రళయములో లోకమంతయు మునిగెను. ఐగుప్తులో తొలిచూలు పిల్లలు చనిపోయిరి. యాయేలు సీసెరా కణతలో మేకు దిగగొట్టెను. దావీదు గొల్యాతు తల నరికెను. ఎలీషాను ఎగతాళి చేసిన 42 మందిని ఎలుగుబంట్లు చీల్చివేసెను. హేరోదు బేత్లెహేము పసివారిని చంపించెను. బాప్తిస్మమిచ్చు యోహాను తలను పళ్లెములో పెట్టి తెచ్చిరి. దానియేలు సింహముల గుహలో నుండి క్షేమముగా వచ్చుట మన పిల్లలందరికి తెలియును. గాని అతనిమీద నేరము మోపిన వారిని, వారి భార్యలను, పిల్లలను కూడ ఆ గుహలోనే పడవేసిరని ఆ అధ్యాయము చివర (దానియేలు 6:24) వ్రాయబడియున్న సంగతి మనము చెప్పము. అనగా మనకు తెలియకుండగనే మనము కొన్ని విడిచిపెట్టుచున్నాము, కొన్ని ఎత్తి చెప్పుచున్నాము. దేనిని ఎందుకు చెప్పుచున్నాము, దేనిని ఎందుకు విడుచుచున్నాము అని మాత్రము మనలను మనము అడుగుకొనుట లేదు.

ఇక్కడ ఒక సహోదరుడు లేచి ఇట్లనవచ్చును: "లేఖనమంతయు ప్రయోజనకరమే గదా. దేవుని వాక్యములో ఇది తగును, అది తగదు అనుటకు మనమెవరము?" ఇది భక్తిగల ప్రశ్న. దీనికి మన ప్రభువే జవాబు చెప్పుచున్నాడు. ఆయన ప్రజలకు ఉపమానములు చెప్పునప్పుడు వారు వినగలిగినంత మట్టుకే చెప్పెనని మార్కు (4:33) వ్రాసెను. చివరి రాత్రి శిష్యులతో, చెప్పవలసినవి ఇంక అనేకము కలవు గాని మీరిప్పుడు వాటిని భరింపలేరని ఆయన పలికెను (యోహాను 16:12). ఎదిగిన మనుష్యులతోనే, మూడేండ్లు తనతో తిరిగిన వారితోనే ప్రభువు కొన్ని సంగతులు ఆపి ఉంచెను. అది సత్యమును దాచుట కాదు. వినువారి భుజముల బలము చూచి బరువు ఎత్తుట. శిశువులకు పాలు, ఎదిగిన వారికి బలమైన ఆహారము అని హెబ్రీ పత్రిక చెప్పుచున్నది. మన యిండ్లలో ఆవకాయ మంచిదే. అయినను ఆరు నెలల బిడ్డ నోటిలో ఎవరును పెట్టరు. ఆవకాయలో దోషము లేదు. బిడ్డ నోరు ఇంకను లేతది.

పూర్వపు భక్తులును ఈ సంగతి ఎరిగియుండిరి. జెరోము భక్తుడు లేతా అను తల్లికి సుమారు క్రీ.శ. 403లో ఒక ఉత్తరము వ్రాసి, ఆమె చిన్న కుమార్తె పౌలాకు లేఖనములు ఏ వరుసలో నేర్పవలెనో తెలిపెను. మొదట కీర్తనలు, తరువాత సామెతలు మొదలైనవి, అటుపిమ్మట సువార్తలు, అపొస్తలుల కార్యములు, పత్రికలు. ఇవి హృదయములో నాటుకొనిన తరువాతనే ప్రవక్తలు, మోషే గ్రంథములు, న్యాయాధిపతులు, రాజుల చరిత్రలు. పరమగీతము అన్నిటికంటె చివర. యుద్ధముల చరిత్రకు ముందు క్రీస్తు ముఖము బిడ్డకు పరిచయము కావలెనని ఈ వరుస మనకు తోపింపజేయుచున్నది. యూదులలో సైతము, సుమారు క్రీ.శ. 200లో కూర్చబడిన మిష్నా అను గ్రంథము, కొన్ని వృత్తాంతములను సమాజమందిరములో హెబ్రీ భాషలో చదువవచ్చును గాని జనుల వాడుక భాషలోనికి తర్జుమా చేసి వినిపింపరాదని నియమించెను. లేఖనమును ప్రాణముగా ఎంచిన జనులే, ఎవరి యెదుట ఏది చదువవలెనో ఆలోచించిరి.

ఇప్పుడు లోకపు పద్ధతిని కూడ చూడుడి. మన దేశములో 1952 నాటి చట్టము ప్రకారము సినిమాలకు సర్టిఫికెట్టు ఇచ్చుచున్నారు. 2023లో ఆ చట్టమును సవరించి, పెద్దల నడిపింపుతో చూడదగిన చిత్రములకు 7 ఏండ్లు, 13 ఏండ్లు, 16 ఏండ్లు అని మూడు మెట్లు పెట్టిరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సలహాలో, ఏడాది నిండని బిడ్డకు తెర అసలే వద్దనియు, 2 మొదలు 4 ఏండ్ల వారికి దినమునకు ఒక గంట మించరాదనియు చెప్పెను. బిడ్డ వయస్సును బట్టి ఆలోచింపవలెనని ప్రభుత్వమునకు తెలిసినది, వైద్యులకు తెలిసినది. మన ఆదివారపు బడిలో మూడేండ్ల బిడ్డయు పదమూడేండ్ల బాలుడును ఒకే చాప మీద కూర్చుండి ఒకే కథ వినుచున్నారు. ఇది ఆలోచింపవలసిన సంగతి కాదా?

పిల్లలు చూచినదానిని ఏమి చేయుదురో తెలిసికొనుటకు అమెరికా దేశమున స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయములో ఆల్బర్టు బందూరా అను పండితుడు, తన తోడివారితో కలిసి, ఒక పరీక్ష చేసెను. దానిని 1961లో ప్రకటించిరి. మూడేండ్లు మొదలు ఆరేండ్ల లోపు పిల్లలు 72 మంది. వారిలో కొందరి యెదుట ఒక పెద్ద మనిషి గాలి నింపిన బొమ్మను సుత్తితో కొట్టి, కాలితో తన్ని, కటువుగా మాటలాడెను. తరువాత పిల్లలను అటువంటి బొమ్మ యున్న గదిలోనికి పంపగా, అది చూచినవారిలో అనేకులు అదే విధముగా కొట్టిరి, అవే మాటలు పలికిరి. 1963లో ఆ దృశ్యమును ఫిలిములో చూపినప్పుడును పిల్లలు అట్లే చేసిరి. బొమ్మను కొట్టుట మనుష్యుని కొట్టుటతో సమానమా అని పండితులు నేటికిని వాదించుచున్నారు. అయినను ఒక సంగతి తల్లులందరికి ఆ పరీక్ష లేకయే తెలియును: పసివాడు కథలోని నీతిని పట్టుకొనక ముందే కథలోని చేష్టను పట్టుకొనును. మనము గొల్యాతు కథ చెప్పి "విశ్వాసము" అని ముగింతుము. బడి విడిచిన వెంటనే పిల్లలు బయట ఒడిసెల తిప్పుచుందురు.

అయితే హింస గల కథలన్నిటిని మూసిపెట్టవలెనా? కాదు. ఇది రెండవ తప్పగును. మన పల్లెటూరి పిల్లలు హింస ఎరుగనివారు కారు. కోడిని కోయుట చూచుదురు. శవము ఎత్తుట చూచుదురు. కొన్ని యిండ్లలో, చెప్పుటకే దుఃఖముగా నున్నది, తండ్రి త్రాగి వచ్చి తల్లిని కొట్టుట చూచుదురు. అట్టి బిడ్డకు పూవులు, పక్షులు, సూర్యుడు అను కథలు మాత్రమే చెప్పినయెడల, "నా యింటిలో జరుగునది దేవునికి తెలియదు కాబోలు" అని తలంచును. వానికి హేబెలు రక్తపు మొర దేవుడు వినెనని చెప్పవలెను. అరణ్యములో దాహముతో ఏడ్చిన చిన్నవాని స్వరము దేవుని చెవిని పడెనని చెప్పవలెను (ఆదికాండము 21:17). ఫరో చంపగోరిన పసివాడు జమ్ము పెట్టెలో క్షేమముగా నుండెనని చెప్పవలెను. బైబిలు హింసను దాచదు. అయితే దెబ్బ తిన్నవాని ప్రక్కన కూర్చుండి చెప్పును. ఇది గొప్ప భేదము. తెర మీది కథ తరచుగా కొట్టువాని భుజము మీదనుండి చూపించును, వాని బలమునకు చప్పట్లు కొట్టించును.

కాబట్టి మేము చేరిన నిర్ణయము ఇది: "ఇందులో రక్తమున్నదా?" అనునది చాలిన ప్రశ్న కాదు. "ఇది బైబిలులో నున్నదా?" అనునదియు చాలిన ప్రశ్న కాదు. గ్రంథము పరిశుద్ధమైనంత మాత్రమున మనము చెప్పు తీరు పరిశుద్ధము కాదు. మనము అడుగవలసిన ప్రశ్న: ఈ కథలో ఏ భాగమును బిడ్డ తనతో కూడ పడకకు తీసికొని పోవును? ఆ చీకటిలో వాని ప్రశ్నకు జవాబు చెప్పుటకు ప్రక్కన ఎవరున్నారు?

ఎట్లు చెప్పవలెనో ప్రభువే మాదిరి చూపెను. మంచి సమరయుని ఉపమానము విప్పి చూడుడి. అందులో దొంగలున్నారు, దెబ్బలున్నవి, కొన ఊపిరితో పడియున్న మనుష్యుడున్నాడు. ఆ హింస అంతయు ఒక్క వచనములో (లూకా 10:30) ముగిసెను. ఏ కర్రతో కొట్టిరి, ఎక్కడ గాయమాయెను, ఎంత రక్తము కారెను అని ప్రభువు వర్ణింపలేదు. అయితే కనికరము యొద్దకు వచ్చినప్పుడు ఆయన నిదానించెను. దగ్గరకు వచ్చుట, నూనెయు ద్రాక్షారసమును పోయుట, గాయములు కట్టుట, తన వాహనము మీద ఎక్కించుట, పూటకూళ్ల ఇంటికి తీసికొని పోవుట, రెండు దేనారములు ఇచ్చుట, మరల వచ్చి మిగిలినది చెల్లింతునని చెప్పుట, ఒక్కటియు విడువలేదు. దెబ్బకు ఒక మాట, కట్టు కట్టుటకు అనేకమైన మాటలు. పిల్లలకు కథ చెప్పువారికి ఇంతకంటె మంచి కొలత లేదు.

సిలువ సంగతియు అట్లే. ప్రభువును కొరడాలతో కొట్టించిన సంగతి యోహాను (19:1) ఒక్క చిన్న వచనములో చెప్పి ముందుకు సాగెను. సిలువ వేయుటను నలుగురు సువార్తికులును ఒక్క మాటలో చెప్పిరి. మేకుల మాట సహితము ఆ ఘట్టములో లేదు. పునరుత్థానము తరువాత తోమా నోట (యోహాను 20:25) మాత్రమే వచ్చును. వారు ప్రభువును ప్రేమించలేదా? ప్రేమించిరి గనుకనే ఆయన గాయములను వింతగా ప్రదర్శింపలేదు. ఆయన పలికిన క్షమాపణ మాటను, దొంగకు ఇచ్చిన వాగ్దానమును, తల్లిని శిష్యునికి అప్పగించుటను మాత్రము జాగ్రత్తగా వ్రాసిరి.

1978లో వచ్చిన "కరుణామయుడు" చిత్రము మన గ్రామములలో అనేకులకు తెలియును. విజయచందర్‌గారు ప్రభువు వేషము ధరించిరి. తెర కట్టిన చోటనెల్ల జనులు కన్నీళ్లతో చూచిరి. ఆ కన్నీళ్లను మేము తక్కువ చేయము. 2004లో అమెరికాలో విడుదలైన, మెల్ గిబ్సన్ తీసిన "ప్యాషన్ ఆఫ్ ది క్రైస్ట్" అను చిత్రము ఇంకను ఘోరముగా కొరడా దెబ్బలను చూపెను. 17 ఏండ్లు నిండనివారు పెద్దలు వెంట లేనిదే చూడరాదని ఆ దేశములో దానికి నియమము పెట్టిరి. ఎదిగినవారికి ఇట్టి దృశ్యము పశ్చాత్తాపము కలిగింపవచ్చును. నాలుగేండ్ల బిడ్డకు పాపము, ప్రాయశ్చిత్తము అను మాటలు ఇంకను తెలియవు. వానికి తెలియునది ఒక్కటే: ఒక మంచివానిని కొట్టుచున్నారు, చుట్టునున్న పెద్దలందరు చూచుచు ఊరకున్నారు. వాడు కండ్లు మూసికొనినప్పుడు "చూడరా, ప్రభువు నీ కోసం ఎంత బాధపడ్డాడో" అని మనము వాని తల ఎత్తి చూపించుచున్నామా? అది భక్తి కాదు సుమీ. వాని కండ్లు మూసిన చేతిని మనము గౌరవింపవలెను.

ఈ ఆలోచన నుండి మా సంఘములలో ఆచరించుటకు కొన్ని సంగతులు మనవి చేయుచున్నాము.

మొదటిది. అయిదేండ్ల లోపువారిని వేరుగా కూర్చుండబెట్టుదము. గది లేకపోయినను చెట్టు నీడ యున్నది. వారికి సృష్టి, పెట్టెలోని మోషే, సమూయేలును దేవుడు పిలుచుట, తప్పిపోయిన గొర్రె, అయిదు రొట్టెలు, ప్రభువు చిన్నపిల్లలను ఎత్తి కౌగిలించుకొనుట చాలును. నోవహు ఓడ చెప్పునప్పుడు లోపలి జంతువులతో ఆడించి, బయటి నీటిలోని వారి మాట పెద్ద తరగతికి ఉంచుదము. అడిగినయెడల అబద్ధము చెప్పవద్దు; చనిపోయిరనియు, మనుష్యుల చెడుతనమును చూచి దేవుడు నొచ్చుకొనెననియు (ఆదికాండము 6:6) చెప్పుదము.

రెండవది. కథను సగములో ఆపి బిడ్డను ఇంటికి పంపవద్దు. గంట కొట్టినను సరే, బోధకుడు ఎదురుచూచినను సరే. శుభ శుక్రవారపు కథ చెప్పిన దినమే ఆదివారపు ఉదయము కూడ చెప్పవలెను. పెద్దలకు మూడు దినములు కాచుకొనుట తెలియును. బిడ్డకు ఒక్క రాత్రియే యుగము.

మూడవది. గెలుపు కథను ఒంటరిగా చెప్పవద్దు. గొల్యాతును కొట్టిన దావీదే, తన మీదికి యుద్ధమునకు వచ్చిన కుమారుడు చనిపోయినప్పుడు గదిలోనికి పోయి విలపించెను. చాల రక్తము ఒలికించితివి గనుక నీవు మందిరము కట్టరాదని ప్రభువు అతనికి సెలవిచ్చెను (1 దినవృత్తాంతములు 22:8). పేతురు కత్తి దూసిన కథ చెప్పినప్పుడు, ప్రభువు ఆ తెగిన చెవిని ముట్టి బాగుచేసిన సంగతి అదే శ్వాసలో చెప్పవలెను. మన పిల్లలలో ఎవడైనను పొరుగు వాడలోని పిల్లలను "ఫిలిష్తీయులు" అని పిలిచినయెడల, ఆ తప్పు పిల్లలది కాదు, కథ చెప్పిన మనది.

నాలుగవది. తెర విషయమై. బిడ్డ చేతిలో సెల్‌ఫోను పెట్టి తల్లి పొయ్యి దగ్గరకు పోవుట ఎందుకో మేమెరుగుదుము. కూలికి పోయి వచ్చి, నీళ్లు తోడి, వంట చేయవలసిన తల్లికి రెండు చేతులే ఉన్నవి. మేము ఆమెను మరల మందలింపము. అయితే చూచునది ఏదైనను, బైబిలు బొమ్మల చిత్రమైనను సరే, ఒక పెద్దవారు ప్రక్కన కూర్చుండునట్లు చూడుడి. అమ్మమ్మయో, తాతయో, అక్కయో. భయపడినప్పుడు పట్టుకొనుటకు బిడ్డకు ఒక చెయ్యి కావలెను. తెరకు చెయ్యి లేదు.

అయిదవది, అన్నిటికంటె ముఖ్యము. త్రాగి చెయ్యి చేసికొను తండ్రి యున్న యింటిలో సెల్‌ఫోను తీసివేసినంత మాత్రమున హింస పోదు. బిడ్డ దినదినము చూచు మొదటి చిత్రము మన నడవడియే. తండ్రులారా, దీనిని ప్రభువు యెదుట ఆలోచించుకొనుడి.

ఇప్పుడు ఆ బాలుని మాట. ఆ తండ్రి వచ్చి చెప్పిన సాయంకాలమే మేము వారి యింటికి పోతిమి. అబ్రాహాము విశ్వాసమును గూర్చి ఏదో చెప్పబూనితిమి గాని బాలుడు మా ముఖము చూడనే లేదు. అప్పుడు వాని నాయనమ్మ, అక్షరము చదువని వృద్ధురాలు, వానిని ఒడిలోనికి తీసికొని ఇట్లనెను: "ఒరే అయ్యా, ఆ కథలో దేవుడు ఆఖర్న ఏమన్నాడో నువ్వు సరిగ్గా వినలేదురా. పిల్లాణ్ణి ముట్టుకోవద్దన్నాడు. ఒకసారి పిలిస్తే వినపడదేమోనని రెండుసార్లు పేరెట్టి పిలిచి మరీ వద్దన్నాడు. చుట్టుపక్కల దేవుళ్లు పిల్లల్ని అడుగుతారని జనం అనుకునేవారంట. మన దేవుడు అలా అడిగేవాడు కాదని తెలియాలనే ఆ కథ."

బాలుడు కొంతసేపు ఊరకుండి, "మా నాన్నకి తెలుసా?" అని అడిగెను.

"ఎందుకు తెలీదురా? ఇంతప్పుడు నేనే చెప్పాను" అనెను ఆమె.

గుమ్మములో నిలుచున్న తండ్రి చేతిలోని కొడవలిని చూరులో దోపి, లోపలికి వచ్చి నేల మీద కూర్చుండెను. బాలుడు వెంటనే పోలేదు. మేము సెలవు తీసికొని లేచు వేళకు వాని యొద్దకు జరిగి కూర్చుండెను.

ఆదికాండము 22వ అధ్యాయము యొక్క లోతు అంతయు ఆ వృద్ధురాలు చెప్పెనని మేము అనము. ఎదిగిన విశ్వాసికి అందులో ఇంకను భయభక్తులతో వణకవలసిన సంగతులున్నవి. వాడు పెద్దవాడైనప్పుడు వాటిని తానే చదివి పెనుగులాడును. అయితే అయిదేండ్ల వానికి కావలసిన దానిని ఆమె ఎరుగును, మేము ఎరుగలేదు. మేము కత్తి ఎత్తిన చేతిని చూపితిమి. ఆమె ఆ చేతిని ఆపిన స్వరమును వినిపించెను. తిమోతికి లేఖనములు బాల్యము నుండి తెలియునని పౌలు వ్రాసెను. అవి వాని అవ్వయైన లోయి, తల్లియైన యునీకే ఒడిలో అందియుండవచ్చును. మన సంఘములలోను అట్టి అవ్వలున్నారు. వారిని ఆదివారపు బడికి పిలువుడి. చదువు లేదని వెనుకకు తీయవద్దు.

ఈ నెలలో ప్రతి కుటుంబమును ఒక సాయంకాలము కూర్చుండి పిల్లలను ఈ ప్రశ్న అడుగవలెనని కోరుచున్నాము: "నువ్వు విన్న కథల్లో నీకు భయం వేసింది ఏది?" జవాబు చెప్పినప్పుడు నవ్వవద్దు, కోపపడవద్దు, వెంటనే బోధింపవద్దు. మొదట వినుడి. తరువాత ఆ కథ చివరి భాగమును మెల్లగా చెప్పుడి.

ప్రార్థన: పిల్లలను చేరదీసి ఎత్తుకొనిన ప్రభువా, మా నోట నీ కథలు వారికి భారము కాకుండునట్లు మాకు జ్ఞానము దయచేయుము. మా చేతులు వారికి భయము కాక ఆశ్రయమగునట్లు చేయుము. మేము తొందరపడి భయపెట్టిన పసి హృదయములను నీవే ఓదార్చుము. ఆమేన్.